మసక ఫొటో: రీసెట్‌తో పోయేదెంత, పోనిదెంత

నెల్లూరు, ఒంగోలు వైపు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఒకరి చేతిలోనే ఉండిపోయే వస్తువు కాదు. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్ లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాకి మారగానే పాత బాడీ అసిస్టెంటు చేతికి వెళ్తుంది. అతని దగ్గర్నుంచి ఏ ఇంజినీరింగ్ కుర్రాడో, యూట్యూబ్ చానల్ పెట్టాలనుకున్న రైతు కొడుకో కొంటాడు. బాడీ ఒకరిది, లెన్స్ ఇంకొకరిది, బ్యాటరీ ఆన్‌లైన్‌లో తెప్పించింది. మాన్యువల్ పుస్తకం మొదటి ఓనరు ఇంట్లోనే ఎక్కడో పోయి ఉంటుంది. అలా వచ్చిన కెమెరాతో మైపాడు బీచ్‌కో, కొత్తపట్నం బీచ్‌కో వెళ్లి కార్డు నిండా ఫొటోలు తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే సగానికి సగం మసక. తెలిసినవాళ్లని అడిగితే వచ్చే సలహా ఒక్కటే: రీసెట్ కొట్టెయ్, సెట్ అయిపోతుంది.

ఆ సలహాలో సగం నిజం ఉంది. పాత ఓనరు మెనూల్లో మార్చినవన్నీ చెరిపేసి, కంపెనీ నుంచి బయటికొచ్చినప్పుడు ఉన్న స్థితికి తేవడమే రీసెట్. మసకకి కారణం మెనూలో ఉంటే అది పోతుంది. కారణం చేతి వణుకులోనో, చాలని వెలుతురులోనో, లెన్స్ మీద పేరుకున్న ఉప్పు పొరలోనో ఉంటే ఎన్నిసార్లు రీసెట్ చేసినా అది అక్కడే ఉంటుంది. రీసెట్ తర్వాత మసక పెరిగే సందర్భాలు కూడా ఉన్నాయి. రీసెట్ వల్ల అసలు లాభం ఇంకోటి. కెమెరాలో ఏది ఎలా ఉందో తెలియని అయోమయం పోయి, తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టే వీలు దొరుకుతుంది. చేతులు మారిన కెమెరాకి ఆ వీలు చాలా అవసరం.

రీసెట్‌తో నిజంగా నయమయ్యే కేసు ఒకటి చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్లు చాలామంది ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి, వెనక బొటనవేలికి అందే బటన్‌కి అప్పగిస్తారు. దీన్నే బ్యాక్ బటన్ ఫోకస్ అంటారు. తెలిసినవాళ్లకి అది వరం. ఆ సంగతి తెలియకుండా కెమెరా కొన్నవాడు అలవాటు ప్రకారం షట్టర్ బటన్ సగం నొక్కుతాడు. కెమెరా వెలుతురు కొలుస్తుందే గానీ ఫోకస్ చెయ్యదు. పూర్తిగా నొక్కితే, చాలా కెమెరాల్లో ఈ సెట్టింగ్ ఉన్నప్పుడు, ఫోకస్ ఎక్కడున్నా క్లిక్‌మంటుంది. అంతకుముందు ఫొటోకి లెన్స్ ఎంత దూరంలో ఆగిందో ఈ ఫొటో కూడా ఆ దూరానికే పడుతుంది. పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని తీశాక సముద్రాన్ని తీస్తే సముద్రం మసక. మళ్లీ మనిషి పది అడుగుల్లో నిలబడితే బ్రహ్మాండంగా వస్తుంది. అందుకే కొన్న మనిషికి ఇది కెమెరా రోగమా, తన రోగమా అన్నది ఎన్నాళ్లకీ తేలదు. లెన్స్ బాగుచేయించాలని షాపుల చుట్టూ తిరిగినా ఉపయోగం లేదు. రీసెట్ కొడితే అర నిమిషంలో పోతుంది.

అయితే ఆ రీసెట్ కూడా సరైన చోట కొట్టాలి. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మెనూలో పసుపు రంగు రెంచి గుర్తున్న పేజీల్లో ‘క్లియర్ సెట్టింగ్స్’ ఉంటుంది. లోపల రెండు వరసలు కనబడతాయి. ఒకటి కెమెరా సెట్టింగులన్నీ తుడిచేది, రెండోది కస్టమ్ ఫంక్షన్లు తుడిచేది. బ్యాక్ బటన్ ఫోకస్ లాంటివి చాలా మోడళ్లలో రెండో దాంట్లో ఉంటాయి కాబట్టి రెండూ చెయ్యాలి. మోడ్ డయల్ ఆకుపచ్చ ఆటో మీద ఉంటే మెనూలో కొన్ని పేజీలు అసలు కనబడవు. అప్పుడు డయల్‌ని ‘పి’ మీదికి తిప్పి వెతకాలి. నైకాన్‌లో కొన్ని మోడళ్ల మీద రెండు బటన్ల పక్కన చిన్న ఆకుపచ్చ చుక్కలుంటాయి. ఆ రెండింటినీ కలిపి రెండు సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే ముఖ్యమైన షూటింగ్ సెట్టింగులు మొదటికొస్తాయి. అందరూ అక్కడితో ఆగిపోతారు. షూటింగ్ మెనూ, కస్టమ్ మెనూ ఉన్న మోడళ్లలో వాటి రీసెట్లు విడివిడిగా ఉంటాయి, అవి కూడా చెయ్యాలి. సోనీలో ‘సెట్టింగ్ రీసెట్’ కింద కెమెరా సెట్టింగులు మాత్రమే తుడిచేది ఒకటి, మొత్తం తుడిచే ‘ఇనిషియలైజ్’ ఒకటి ఉంటాయి.

చాలామందికి ఇక్కడ ఒక భయం ఉంటుంది, రీసెట్ చేస్తే కార్డులో ఫొటోలు పోతాయేమోనని. పోవు. ఫొటోలు పోయేది ఫార్మాట్ కొడితే. ఆ రెండూ ఒకే మెనూలో పక్కపక్కనే ఉండొచ్చు కాబట్టి కార్డు బయటికి తీసి రీసెట్ చేస్తే టెన్షన్ ఉండదు. చేసే ముందు పాత సెట్టింగుల పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. ఫొటోని నొక్కకుండా ఉన్నదున్నట్టు దాచే రా (RAW) ఫైలు తీసేలా పెట్టుకున్నవాళ్లకి రీసెట్ తర్వాత అది మళ్లీ జేపెగ్‌కి మారిపోతుంది. ఆ సంగతి పెళ్లి అయిపోయాక తెలిస్తే చేసేదేం లేదు.

ఇంతకీ రీసెట్ ముట్టుకోలేనివి కెమెరా మీదే బోలెడు ఉన్నాయి. లెన్స్ పక్కన ఏఎఫ్ (ఆటోఫోకస్), ఎంఎఫ్ (చేత్తో ఫోకస్) అని ఉండే స్విచ్ చేత్తో జరిపేది, మెనూకి దాని మీద అధికారం లేదు. బ్యాగులోంచి తీసేటప్పుడు వేలు తగిలి ఎంఎఫ్ వైపు జరిగిపోవడం మామూలే. వణుకు తగ్గించే ఐఎస్ లేదా వీఆర్ స్విచ్ కూడా అంతే. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది. అది చూసేవాళ్ల కంటి పవర్‌కి తగ్గట్టు తిప్పుకునేది. అది తప్పుగా ఉంటే కంటికి అంతా మసగ్గా కనబడుతుంది కానీ ఆటోఫోకస్‌తో తీసిన ఫొటో మాత్రం శుభ్రంగా వస్తుంది. చేత్తో ఫోకస్ తిప్పేవాళ్లకైతే ఇదే కొంప ముంచుతుంది, ఎందుకంటే కంటికి స్పష్టంగా కనబడేదాకా తిప్పి తప్పు దూరం దగ్గర ఆపుతారు.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఇంకో చిక్కుంది. నైకాన్ 3000, 5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు, అది లెన్స్‌లో ఉండాలి. తక్కువ ధరకి దొరుకుతోంది కదా అని ‘డి’ అక్షరం ఉన్న పాత 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొని ఆ బాడీకి తగిలిస్తే ఆటోఫోకస్ అసలు పనిచేయదు. దానికి ఏ రీసెటూ లేదు. చేత్తో ఫోకస్ చేసుకోవాలి, లేదా ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్స్‌కి మార్చుకోవాలి.

సరే, రీసెట్ చేశారు, స్విచ్‌లు చూసుకున్నారు, ఇంకా మసకే. అప్పుడు మళ్లీ మెనూలోకి దూరడం కన్నా ఆ పాడైన ఫొటోనే తీరిగ్గా చూడటం మేలు. మసకల్లో రకాలున్నాయి, ప్రతి రకానికీ ఒక ఆనవాలు ఉంటుంది. ఫొటోని నూరు శాతానికి పెంచి, అందులో ఏదో ఒక చిన్న మెరుపుని పట్టుకోవాలి. ముక్కుపుడక మెరుపు, బైకు అద్దం మీద ఎండ, దూరంగా వెలుగుతున్న బల్బు ఏదైనా సరే. ఆ చుక్క అన్నిచోట్లా ఒకే దిక్కుగా గీతలా సాగితే కెమెరా కదిలింది. మనిషి చెయ్యి మాత్రం సాగి, వెనక గోడ మీది అక్షరాలు శుభ్రంగా ఉంటే మనిషి కదిలాడు. మెరుపు గుండ్రంగా ఉబ్బితే ఫోకస్ తప్పింది. అప్పుడు ఆ మనిషికి ముందో వెనకో ఏదో ఒకటి స్పష్టంగా ఉండొచ్చు, అదేమిటో వెతకాలి. ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లగా, మెరుపుల చుట్టూ వెలుగు చిందినట్టు ఉంటే లెన్స్ మీద తేమో జిడ్డో ఉంది. ముఖం సబ్బు బొమ్మలా నున్నగా, వెంట్రుకలు ముద్దగా ఉంటే, తక్కువ వెలుతురులో ఫొటోని ప్రకాశవంతం చేసే ఐఎస్ఓ బాగా పెరిగి, దాని చుక్కలు తుడిచే నాయిస్ రిడక్షన్ వివరాల్ని కూడా తుడిచేసింది.

ఈ ఆనవాళ్లు చూశాక, ఫొటో వివరాల్లో ఉండే మూడు అంకెలు చూడాలి. షట్టర్ ఎంతసేపు తెరుచుకుందో చెప్పే షట్టర్ స్పీడు, లెన్స్ రంధ్రం ఎంత పెద్దదో చెప్పే అపర్చర్ (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), ఐఎస్ఓ. ప్రతి ఫైలులో ఇవి రాసే ఉంటాయి, కెమెరా వెనక స్క్రీన్ మీదే ఇన్ఫో బటన్ నొక్కితే కనబడతాయి. పాత రోజుల్లో రీలు కెమెరాతో నేర్చుకున్నవాళ్లు ప్రతి ఫొటోకీ ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కెమెరానే రాసి పెడుతున్నా తెరిచి చూసేవాళ్లు తక్కువ.

వాటిలో ముందు చూడాల్సింది షట్టర్ స్పీడు. కెమెరా కదలికకి పాతకాలం నుంచి ఒక లెక్క ఉంది: లెన్స్ ఎన్ని ఎంఎం దగ్గరుంటే షట్టర్ సెకనులో కనీసం అన్నో వంతు ఉండాలి. పైన చెప్పిన మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో బొమ్మని పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి ఆ అంకెకి నైకాన్‌లో ఒకటిన్నర రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు లెక్కేసుకోవాలి. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్ 55 దగ్గరుంటే 1/80, 1/100 ఉండాలి. 300 ఎంఎం లెన్స్ పూర్తిగా లాగితే 1/500 దాకా పోవాలి. ఐఎస్, వీఆర్ ఉన్న లెన్స్‌తో అంతకన్నా తక్కువలో కూడా చెయ్యి నిలుస్తుంది. కానీ అవి ఫొటో తీసేవాడి వణుకుని ఆపుతాయి, ఎదురుగా కదిలే మనిషిని ఆపలేవు. అమ్మేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పరు.

కదిలే మనిషి లెక్క కొంచెం దగ్గరగా చూద్దాం. మామూలుగా నడిచే మనిషి గంటకి 5 కిలోమీటర్లు పోతాడు, అంటే సెకనుకి దాదాపు 1.4 మీటర్లు. షట్టర్ 1/30 దగ్గర తెరుచుకుని ఉన్నంతసేపట్లో అతను నాలుగున్నర సెంటీమీటర్లు జరుగుతాడు. 24 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు. అందులో మూడు మీటర్ల వెడల్పు పడితే ఒక్కో సెంటీమీటరుకి 20 పిక్సెళ్లు, అంటే అతని ముఖం 90 పిక్సెళ్ల మేర సాగిపోతుంది. 1/250 పెడితే అదే 11 పిక్సెళ్లకి తగ్గుతుంది. ఫోన్‌లో చూస్తే తెలియదు, ఆల్బమ్‌కి పెద్దగా ప్రింటు వేస్తే కొంచెం తెలుస్తుంది. 1/1000 దగ్గర మూడు పిక్సెళ్లు, ఇక ఎవరికీ తెలియదు. నడిచే మనిషికే ఇంత ఉంటే, ప్రకాశం జిల్లాలో తిరునాళ్లకి జరిగే బండలాగుడు పోటీల్లో సంగతి ఆలోచించండి. ఒంగోలు గిత్తల ఒళ్లు నిదానంగానే కదులుతున్నట్టుంటుంది. కానీ కాళ్లు, తల, పక్కన చెర్నాకోల విసిరేవాడి చెయ్యి అంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా కదులుతాయి. మట్టి ఎగురుతున్న ఆ క్షణం గడ్డకట్టినట్టు రావాలంటే 1/1000 పెట్టుకోవాలి. పగటి ఎండలో అది కష్టమేమీ కాదు, కెమెరా డయల్ ‘ఎస్’ మీద, కెనాన్ అయితే ‘టీవీ’ మీద పెట్టి అంకె తిప్పితే చాలు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్మే ఫొటోకి కూడా అంతే. నీటి బొట్లు విడివిడిగా కనబడాలంటే 1/1000, తెల్లటి పొగలా కనబడాలంటే స్టాండు వేసి 1/4. భైరవకోన జలపాతం దగ్గర చాలామంది కావాలనే ఆ రెండోది ఎంచుకుంటారు. అంటే ఒక చోట తప్పుగా లెక్కేసే మసకే ఇంకో చోట కోరి తెచ్చుకునేది. తేడా ఎవరు నిర్ణయించారన్నదే. ఆటో మోడ్‌లో ఆ నిర్ణయం కెమెరాది.

అసలు ఇబ్బంది కల్యాణ మండపాల్లో వస్తుంది. స్టేజి మీద లైట్లు కంటికి బాగానే ఉంటాయి, కెమెరాకి చాలవు. కిట్ లెన్స్‌ని జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అలాంటి వెలుతురులో ఐఎస్ఓ 100 ఉంటే షట్టర్ 1/4 దాకా పడిపోవచ్చు. రీసెట్ తర్వాత మసక పెరిగే సందర్భం ఇదే. కొన్ని నైకాన్ మోడళ్లలో రీసెట్ చేశాక పి, ఎస్, ఏ, ఎం మోడ్‌లలో ఆటో ఐఎస్ఓ ఆగిపోయి, ఐఎస్ఓ 100 దగ్గర కూర్చుంటుంది. పాత ఓనరు ఆటో ఐఎస్ఓ ఆన్‌లో పెట్టి ఉంచితే, కొత్త ఓనరు దాన్ని తెలియకుండా తుడిచేసినట్టు. ఐఎస్ఓ 1600 పెడితే అదే వెలుతురులో 1/60 వస్తుంది, 3200 పెడితే 1/125. చుక్కలు పెరుగుతాయి, నిజమే. కానీ చుక్కలున్న ఫొటోని ప్రింటు వేసుకోవచ్చు, కదిలిపోయిన తాళిబొట్టు ముహూర్తాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు. ఐఎస్ఓ పెంచడానికి మొహమాటపడటం, పాతకాలపు కెమెరాల నాటి భయం ఇప్పటికీ పోకపోవడమే. నైకాన్‌లో ఆటో ఐఎస్ఓ కిందే కనీస షట్టర్ స్పీడు చెప్పే వీలుంటుంది. అక్కడ 1/125 పెట్టుకుంటే గరిష్ఠ ఐఎస్ఓ చేరేదాకా కెమెరా అంతకన్నా కిందికి దిగదు. ఎప్పుడో ఒకసారి పెళ్లి తీసేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే సెట్టింగ్ లేదు.

ఫ్లాష్ వేసినా ఒక్కోసారి విచిత్రమైన మసక వస్తుంది. మనిషి స్పష్టంగానే ఉంటాడు కానీ ఒంటి చుట్టూ దెయ్యంలా ఇంకో నీడ సాగి ఉంటుంది. అది స్లో సింక్ పని. వెనక లైట్లు కూడా పడాలని కెమెరా షట్టర్‌ని నిదానంగా ఉంచుతుంది. ఫ్లాష్ మెరిసిన క్షణం స్పష్టంగా, మిగతా సమయం సాగినట్టుగా రెండూ ఒకే ఫొటోలో పడతాయి. నైట్ పోర్ట్రెయిట్ మోడ్‌లో జరిగేది ఇదే.

ఇక ఫోకస్. రీసెట్ చేసిన చాలా కెమెరాల్లో ఫోకస్ పాయింటుని కెమెరానే ఎంచుకుంటుంది. దాని లెక్క మామూలుగా దగ్గరున్నదాన్ని, గీతలు బాగా తేడాగా ఉన్నదాన్ని పట్టుకోవడం. తెలుగు పెళ్లిలో వధూవరుల ముఖాల కన్నా కెమెరాకి దగ్గరగా ఉండేవేమిటో చూడండి. తలంబ్రాల పళ్లెం, స్టేజికి వేలాడే బంతిపూల దండ, అడ్డుతెర అంచు, వీడియో తీసే అతని మోచెయ్యి. కెమెరా శ్రద్ధగా బంతిపూలని ఫోకస్ చేసి పెడుతుంది, పెళ్లికూతురు మసగ్గా వస్తుంది. ఇందులో కెమెరా తప్పేమీ లేదు, ఎవరు ముఖ్యమో దానికి చెప్పలేదు. ఒక్క పాయింటు మోడ్ ఎంచుకుని, ఆ చిన్న గడిని ముఖం మీద, ఇంకా చెప్పాలంటే దగ్గరి కంటి మీద పెడితే ఈ సమస్య దాదాపు పోతుంది. మిర్రర్‌లెస్‌లలో ముఖాన్ని, కన్నుని తనంతట తనే పట్టుకునే వీలు వచ్చాక పెళ్లి ఫొటోగ్రాఫర్ల పని చాలా తేలికైంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు చౌకగా చేతులు మారడానికి అదీ ఒక కారణం.

రెండో సంగతి, ఫోకస్ ఒకసారి చేసి ఆగాలా, వెంట పడుతూ ఉండాలా అన్నది. కెనాన్‌లో వన్ షాట్, ఏఐ సర్వో. నైకాన్‌లో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-సీ (ఈ ఏఎఫ్-ఎస్ వేరు, లెన్స్ మీద రాసి ఉండేది వేరు). కదలని మనిషికి మొదటిది, కదిలేదానికి రెండోది. ఈ రెండింటి మధ్యలో కెమెరానే నిర్ణయించుకునే మూడోది ఒకటుంది, రీసెట్ తర్వాత కొన్ని మోడళ్లు దాని మీదే వచ్చి ఆగుతాయి. దాని మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. అది తేల్చుకునే లోపు గిత్త దాటిపోతుంది. రెండో మోడ్‌లో ఒక మెలిక ఉంది. ఏఎఫ్-సీలో కొన్ని నైకాన్ మోడళ్లు ఫోకస్ కుదిరినా కుదరకపోయినా షట్టర్ వదులుతాయి. మొదటి మోడ్‌లో మామూలుగా కుదిరేదాకా వదలవు. అందుకే గుడిముందు నిలబెట్టి తీసే కుటుంబం ఫొటోకి ఏఎఫ్-సీ పెడితే, గబుక్కున నొక్కినప్పుడల్లా మసక వచ్చే వీలుంటుంది.

నేలపట్టులో పక్షుల్ని తీసేవాళ్లకి ఈ రెండూ కలిసి పరీక్ష పెడతాయి. 2022 జిల్లాల విభజనతో పులికాట్, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, చలికాలంలో నెల్లూరు నుంచి కెమెరాలు భుజాన వేసుకుని అటు పోయేవాళ్లకి జిల్లా హద్దుతో పనిలేదు. చెరువులో చెట్ల మీద గూడబాతు గూట్లో కూర్చుని ఉంటే ముందు కొమ్మలుంటాయి, కెమెరా కొమ్మని పట్టుకుంటుంది. ఒక్క పాయింటు పెడితేనే పక్షి దొరుకుతుంది. అది ఎగిరితే ఏఐ సర్వో, 1/1000కి తగ్గకుండా షట్టర్. వెనక ఆకాశమే కాబట్టి అప్పుడు పాయింట్ల గుంపు పెట్టుకున్నా ఫర్వాలేదు. ఎంత జూమ్ చేసినా పక్షి ఫ్రేములో చిన్నదిగానే ఉంటే, తర్వాత కత్తిరించి పెద్దది చేసినప్పుడు వచ్చే మసకకి సెట్టింగుల్లో మందు లేదు. దూరమే దానికి కారణం.

ఎఫ్ 1.8 లెన్స్ కొన్నవాళ్ల ఫిర్యాదు ఇంకో రకం. కిట్ లెన్స్ ఎఫ్ 5.6 కన్నా అది దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వదులుతుంది, చీకటి మండపంలో అది దేవుడిచ్చిన వరం. కానీ చిన్న సెన్సర్ కెమెరాకి 50 ఎంఎం లెన్స్ తగిలించి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఎఫ్ 1.8లో తీస్తే ముందు వెనక కలిపి పదకొండు సెంటీమీటర్ల లోతే స్పష్టంగా ఉంటుంది. కన్ను ఫోకస్‌లో ఉంటే వెనక జడలో పూలు మసక. పక్కన ఒక అడుగు వెనక నిలబడ్డ తమ్ముడు పూర్తిగా మసక. ఎఫ్ 5.6కి పోతే ఆ లోతు ఒక అడుగు దాటుతుంది, ఎఫ్ 8లో ఒకటిన్నర అడుగు. కాబట్టి ఒక్కరి ఫొటోకి ఎఫ్ 2, రెండు వరసల గ్రూపు ఫొటోకి ఎఫ్ 5.6 నుంచి 8. అలాగని అన్నీ స్పష్టంగా రావాలని రంగనాథస్వామి గుడి గాలిగోపురాన్ని ఎఫ్ 22లో తీస్తే అసలుకే ఎసరు. అంత చిన్న రంధ్రం గుండా వచ్చేటప్పుడు వెలుతురు చెదిరి ఫొటో మొత్తం కొంచెం మెత్తబడుతుంది. దూరంగా ఉన్న గోపురానికి ఎఫ్ 8 ధారాళంగా సరిపోతుంది.

దగ్గరికి పోయి తీసేవాళ్లకి ఇంకో హద్దు ఉంది. ప్రతి లెన్స్‌కి ఇంతకన్నా దగ్గరికి ఫోకస్ చేయలేను అనే దూరం ఉంటుంది. ఇప్పటి 18-55 కిట్ లెన్స్‌లకి అది దాదాపు 25 సెంటీమీటర్లు, నైకాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 జీ లెన్స్‌కి 45. ఆ దూరం లెన్స్ మూతి నుంచి కాదు, లోపల సెన్సర్ నుంచి కొలవాలి. కోవూరు వైపు పొలాల్లో వరి కంకిని దగ్గరగా తీయబోతే లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ కుదరక ఆగిపోతుంది. కాస్త వెనక్కి జరిగితే కుదురుతుంది. జరిగాక కూడా మసక వస్తే ఈసారి కారణం గాలి. కంకి ఊగుతూనే ఉంటుంది, 1/500 పెట్టి గాలి ఆగే క్షణం కోసం చూడాలి.

సముద్రం పక్కన ఉండే జిల్లాలకి వాతావరణం తెచ్చే మసక కూడా ఉంది, దీన్ని మెనూల్లో వెతికేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఏసీ కారులోంచి దిగి మైపాడు ఇసుకలో అడుగుపెట్టగానే కెమెరా తీస్తే, చల్లబడిన గాజు మీద ఉక్క గాలిలోని తేమ పట్టేస్తుంది. పది నిమిషాలు తీసిన ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు ఉంటాయి. తుడిస్తే మళ్లీ పడుతుంది. లెన్స్ మార్చడం అప్పుడు అసలు చేయకూడదు, తేమ లోపలికి పోతుంది. దిగడానికి అరగంట ముందే కెమెరాని మూసిన బ్యాగులో ఏసీ గాలికి దూరంగా పెట్టడమే దీనికి మందు. అలల తుంపరలు ఆరాక గాజు మీద ఉప్పు పొర మిగులుతుంది. దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే ఇసుక రేణువుతో గీత పడుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మెత్తటి లెన్స్ బట్టకి లెన్స్ ద్రావణం రాసి తుడవాలి. వాడని లెన్స్‌ని బీరువాలో బట్టల మధ్య పెట్టేస్తే కొన్ని నెలలకి లోపల బూజు పడుతుంది. టార్చి వేసి లెన్స్‌లోంచి చూస్తే సాలెగూడు దారాల్లా కనబడుతుంది. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు ఆ టార్చి పరీక్ష చేయకుండా డబ్బులివ్వకూడదు. ఒక డబ్బాలో సిలికా జెల్ వేసి, గాలి చొరకుండా మూసి పెడితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

ఎండాకాలం ఇంకో మాయ చేస్తుంది. ఇస్కపల్లి ఉప్పు మళ్ల మీద మధ్యాహ్నం దూరంగా పనిచేసే మనుషుల్నో, చీమకుర్తి క్వారీలో అవతలి గట్టు మీది క్రేన్‌నో పెద్ద లెన్స్‌తో తీస్తే, అంచులన్నీ నీళ్లలో కదిలినట్టు వంకరగా వస్తాయి. ఫోకస్ సరిగ్గానే ఉంటుంది, షట్టర్ 1/2000 ఉంటుంది, స్టాండు ఉంటుంది, అయినా మసకే. నేల మీంచి లేచే వేడి గాలి వెలుతురుని అటూ ఇటూ వంచుతుంటే కెమెరా చేయగలిగిందేమీ లేదు. పొద్దున్నే తీయాలి, లేదా దగ్గరికి పోయి తీయాలి. అవి రెండూ కుదరకపోతే వరసగా చాలా ఫొటోలు తీసి ఉన్నంతలో మంచిది ఏరుకోవాలి.

మసక కాని మసక ఇంకోటి. ఫొటో కెమెరాలో శుభ్రంగా ఉంటుంది, వాట్సాప్‌లో అందుకున్నవాళ్లు క్లారిటీ లేదంటారు. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోని చిన్నది చేసి, నొక్కి పంపుతుంది. హెచ్‌డీ ఎంచుకుంటే కొంత నయం, డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు పోతుంది. స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ రోజు తీసిన ఫొటోని పత్రికకో, ఫ్లెక్సీ ప్రింటు వేసేవాళ్లకో పంపేటప్పుడు ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక పాడైపోయేవి ఎన్నో.

ఇవన్నీ చూశాక కూడా మసక పోకపోతే అప్పుడు యంత్రాన్ని అనుమానించాలి, అంతకుముందు కాదు. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. దినపత్రిక పేజీని గోడకి చదునుగా అంటించి, కెమెరాని స్టాండు మీద దానికి సూటిగా పెట్టాలి. స్టాండు లేకపోతే బల్ల మీద పుస్తకాలు పేర్చి పెట్టినా సరిపోతుంది. వణుకు తగ్గించే స్విచ్ ఆపి, రెండు సెకన్ల టైమరు పెట్టి, ఐఎస్ఓ 100, ఎఫ్ 8లో ఒకటి, లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి ఇంకోటి తీయాలి. అక్షరాలు మధ్యలో స్పష్టంగా ఉండి ఒక్క పక్కన మాత్రమే ఎప్పుడూ మసకైతే, ఆ లెన్స్ ఎప్పుడో కిందపడి లోపల గాజు పక్కకి జరిగి ఉండొచ్చు. తర్వాత అదే పేజీని వ్యూఫైండర్‌లోంచి ఫోకస్ చేసి కొన్ని, వెనక స్క్రీన్ మీద లైవ్ వ్యూలో ఫోకస్ చేసి కొన్ని తీయాలి. లైవ్ వ్యూవి బాగుండి, వ్యూఫైండర్‌వి ప్రతిసారీ మెత్తగా వస్తుంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే భాగానికీ సెన్సర్‌కీ పొత్తు కుదరడం లేదు. పెద్ద మోడళ్లలో దాన్ని మెనూలోనే లెన్స్ లెన్స్‌కీ సవరించుకోవచ్చు, చిన్న మోడళ్లని సర్వీస్ సెంటర్‌కి పంపాలి. మిర్రర్‌లెస్ ఫోకస్‌ని సెన్సర్ మీదే కొలుస్తుంది కాబట్టి దానికి ఈ జబ్బు రాదు. సర్వీస్‌కి పంపేటప్పుడు లెన్స్, బాడీ రెండూ కలిపి పంపాలి. ఈ పరీక్ష ఫొటోల అసలు ఫైళ్లని ఒక కార్డులో పెట్టి, ఏది ఎలా తీసిందో చీటీ రాసి జతచేస్తే, రిపేరు చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.